చిన్నాయన చేసిన పలక

మా చిన్నాయన పోయిన సంగతి నాకు నా గొంతులోనే తెలిసింది.

ఆ పొద్దున ఆఫీసుకు వెళ్దామని పటాన్‌చెరు బస్టాండు దగ్గర నిలబడి ఉన్నాను. చిన్నమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే దూరంగా ఎవరో ఏడుస్తున్నట్టు మాత్రం వినిపించింది. తరువాత ఒక గొంతు "బాపు" అంది. కొంచెం ఆగి, "లేదు" అంది.

ఆ మాటలు చెప్పింది మా చెల్లె, చిన్నాయన కూతురు. గొంతు మాత్రం నాది. చెల్లెకు పుట్టినప్పటి నుంచీ నోట మాట రాదు. ఆమె కోసం చిన్నాయన కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము చేశాడు. తెర మీద గడులు గడులుగా బొమ్మలుంటాయి. ఏ బొమ్మ తాకితే ఆ మాట వినిపిస్తుంది. ఇంట్లో అందరం దాన్ని పలక అంటాం. అందులోని మాటలన్నీ నేను పలికి రికార్డు చేసినవే. 'లేదు' అన్న గడి కరెంటు పోయినప్పుడో, పాలు అయిపోయినప్పుడో చెప్పడానికి పెట్టింది. మనిషి పోయాడని చెప్పే మాట ఆ పలకలో లేదు. ఉన్న మాటలతోనే చెల్లె నాకు చెప్పింది. చిన్నమ్మకు నోరు పెగలక, ఫోన్ కలిపి కూతురి ముందు పెట్టిందట.

చిన్నాయనను ఎరిగినవాళ్లు ఆయన ఊరు కర్దనూర్‌లో ఉన్నారు, బొల్లారం వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నారు. మిగతావాళ్లకు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆయన మా నాన్నకు తమ్ముడు. మా తాత వ్యవసాయం చేసేవాడు. నాన్న కూడా పొలంలోనే ఉండిపోయాడు. చిన్నాయన మాత్రం సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి డిప్లొమా చదివి, బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ కంట్రోల్ రూమ్‌లో మీటర్లూ సెన్సర్లూ చూసుకునే పని. రిటైరయ్యేదాకా అదే కంపెనీ, అదే బస్సు. షిఫ్టు నుంచి వచ్చాక బట్టల్లో ఎంత ఉతికినా పోని ఒక ఘాటు వాసన ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని చిన్నాయన వాసన అనుకునేదాన్ని. అది ఫ్యాక్టరీ వాసన అని, ఆ బస్సు దిగే అందరి దగ్గరా వస్తుందని చాలా తరువాత తెలిసింది.

పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్లటి కరెంటు టేపు చుట్ట ఉండేది. కళ్లజోడు కాడకు టేపు, చెప్పు తెగితే టేపు, చిన్నమ్మ ప్రెషర్ కుక్కర్ పిడికి టేపు. పాడైంది ఏదైనా "చూపియ్యి" అనేవాడు. ఏమైందో నోటితో చెప్పబోతే వినేవాడు కాదు. పాటలంటే ఇష్టం, శ్రుతి అంటే ఏమిటో తెలియదు. కోపం త్వరగా వచ్చేది, పోయేది కూడా అంతే త్వరగా. ఒక్క విషయంలో మాత్రం ఆ కోపం పోయేది కాదు. చెల్లెను చూసి ఎవరైనా చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరిచినా, ఆమె ముందే ఆమె గురించి చిన్నమ్మను అడిగినా ఊరుకునేవాడు కాదు. "గామె ఈడనే ఉన్నది. గామెనే అడుగుండ్రి" అనేవాడు.

చెల్లెకు పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. కాళ్లు నిలబడవు, కుడి చెయ్యి మాట వినదు, నాలుక తిరగదు. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఆ సంగతి ముందు నమ్మింది చిన్నాయనే. నమ్మినా, ఆ బుద్ధి బయటికి రావడానికి దారి కనిపించలేదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నప్పుడు ఆయనకు ఆ దారి తోచిందట. అక్కడ తెర మీద పంపు బొమ్మ ఉంటుంది, తాకితే ఎక్కడో షెడ్డులో నిజం పంపు తిరుగుతుంది. పంపు తిరిగినప్పుడు మాట ఎందుకు రాదు అనుకున్నాడు. కంపెనీ తీసేసిన పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఫ్యాక్టరీలో స్క్రీన్లు చేయడానికి వచ్చిన ఇంజనీరు దగ్గర కొంత, పుస్తకాలు చూసి కొంత నేర్చుకుని, తడబడుతూ రాసుకున్నాడు. మొదటి పలకలో గడులు చాలా కొద్ది. నీళ్లు, అన్నం, నొప్పి, బొమ్మ, అమ్మ, బాపు, కావాలె, వద్దు. అప్పుడు గొంతు ఆయనదే.

చెల్లె మొదటి రోజంతా తాకింది ఒక్క 'వద్దు'నే. అన్నం తెస్తే వద్దు, నీళ్లు తెస్తే వద్దు, దుప్పటి కప్పితే వద్దు. చిన్నమ్మకు విసుగొచ్చి ఆ గడి తీసేయమంది. చిన్నాయన తీయలేదు. "ఇన్నేండ్లు వద్దనరాక మింగింది. అననియ్యి" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని చిన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పలక తెరకు కింద ఎడమవైపు మూలన ఉండేది. చెల్లె ఎడమ మోచేతికి ఆనుకోవడానికి చిన్నాయన ఒక చెక్క దిమ్మ బిగించాడు. కొన్నేళ్లు గడిచేసరికి ఆమె చేతికి గడులన్నీ అలవాటైపోయాయి. మనం చీకట్లో ఇంట్లో స్విచ్చు వెతుక్కోకుండా వేసినట్టు, తెర వైపు చూడకుండానే తాకేది. అందువల్ల మాట్లాడేటప్పుడు మన మొహంలోకి చూసేది. ఆమెతో మాట్లాడిన ఎవరికైనా గుర్తుండేది ఆ చూపే.

ఒక్కో మాటకు సమయం పట్టేది. చెయ్యి లేవాలి, వణుకు తగ్గాలి, గడి మీద పడాలి. ఇంటికొచ్చినవాళ్లు "చాయ్ తాగుతవా?" అని అడిగి, ఆమె చెయ్యి లేచేలోపే "తాగుతది, తాగుతది" అని వాళ్లే జవాబు చెప్పుకునేవారు. చిన్నాయన వాళ్ల భుజం మీద చెయ్యి వేసి, "అడిగినవ్ గద, ఇగ ఆగు" అనేవాడు. పెద్దా చిన్నా చూడకుండా అందరికీ ఇదే మాట. ఒకసారి నాకు పెళ్లిసంబంధం మాట్లాడటానికి వచ్చిన దూరపు బంధువుతో కూడా అదే అన్నాడు. ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు.

చెల్లెకు పదిహేనేళ్లు వచ్చాక ఇంట్లో ఎవరైనా కొత్తవాళ్లుంటే పలక ముట్టడం మానేసింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు. చిన్నాయన ఒక్కొక్కటే అడుగుతూ, ఆగుతూ చివరికి కనుక్కున్నాడు. తను తాకితే మగగొంతు పలుకుతోందని ఆమెకు సిగ్గు. ఎవరి గొంతు కావాలని అడిగితే 'అక్క' గడి తాకింది. మర్నాడే ఆయన చిన్న మైకు సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చాడు. ఎండాకాలం. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసి, చెమటలు కారుతుంటే నాతో మాటలన్నీ పలికించాడు. నేను స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు పలుకుతుంటే ఆపాడు. "సదువకు బిడ్డా, మాట్లాడు" అన్నాడు. అలా నా గొంతు ఆ ఇంట్లో ఉండిపోయింది.

నేను చదువుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. చేరిన కొన్నాళ్లకు నాకు అప్పజెప్పిన పని పాత స్క్రీన్ ప్రోగ్రాములను కొత్త వ్యవస్థకు మార్చడం. అది చిన్నాయన పలక దాకా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఒక వర్షాకాలంలో ఆ పాత కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయింది. టేపు వేస్తే అతికేది కాదు. లోపలి భాగాలు ఎక్కడా దొరకలేదు. చిన్నాయన కొత్తది కొన్నాడు. పలకను దానిలోకి ఎక్కిస్తే నడిచింది, కానీ నడిచిన తీరు బాగాలేదు. బొమ్మలు మసకబారాయి. తెరిచినప్పుడల్లా పలక ఒక్కో చోట కనిపించేది, ఒకసారి తెర నడుమ, ఇంకోసారి ఓ పక్కకు. మధ్యలో తెర మీద ఏదైనా సందేశం వస్తే దాని వెనక్కి పోయేది. చెల్లె చెయ్యి పాత జాగాకే వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. నొప్పి అని చెప్పబోతే అన్నం అని పలికింది. చిన్నమ్మ కంచం తెచ్చింది. చెల్లె కంచాన్ని కింద పడేసింది. తెర వైపు చూస్తూ వెతుక్కుని తాకవచ్చు కదా అని చిన్నమ్మ బతిమాలింది. ఆమె అలా ఒకటి రెండుసార్లు చేసి, ఇక చెయ్యి ఒళ్లో పెట్టేసుకుంది. ఎన్ని రోజులు పిలిచినా పలక ముట్టలేదు.

చిన్నాయన నాకు ఫోన్ చేసి, "నా బిడ్డ మాట పడిపోయింది, ఒకసారి రా" అన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన గొంతు అంత పరేషాన్‌గా వినలేదు.

వెళ్లి చూశాను. జరిగింది ఆయనకు వివరించాను. తెర మీద ఏ విండో ఎక్కడ ఉండాలి, దేని ముందు ఏది రావాలి, మన వేలు తాకిన సంగతి ఏ ప్రోగ్రాముకు చేరాలి, ఇవన్నీ చూసుకునే వ్యవస్థ ఒకటి కంప్యూటర్ అడుగున పనిచేస్తుంటుంది. పాత వ్యవస్థలో ప్రోగ్రాము నేను ఇక్కడ కూర్చుంటాను అంటే కూర్చోనిచ్చేది. పక్క ప్రోగ్రాములో ఏం టైపు చేస్తున్నారో కూడా చూడనిచ్చేది. అది ప్రమాదమని కొత్త వ్యవస్థ చేసినవాళ్లు ఆ స్వేచ్ఛ తీసేశారు. ఇప్పుడు ఏ ప్రోగ్రాముకూ తను తెర మీద ఎక్కడుందో తెలియదు. పాతవి ఒక్కసారిగా ఆగిపోకుండా వాటిని లోపల పెట్టుకుని నడిపే ఏర్పాటు ఒకటి ఉంది. పలక ఇప్పుడు దానిలోనే కుంటుతూ నడుస్తోంది.

చిన్నాయన అంతా విని, వాళ్లు చేసింది తప్పేం కాదని ఒప్పుకున్నాడు. ఒకరి మాట ఇంకొకరు దొంగచాటుగా వినకూడదు కదా అన్నాడు. తరువాత చెల్లె వైపు చూసి, "గాని, ఇంట్ల మనిషికి తన జాగ ఏడున్నదో తెల్వకుంటే ఎట్ల బిడ్డా?" అన్నాడు.

మాట రానివాళ్ల కోసం తయారుచేసిన టాబ్లెట్ కంప్యూటర్లు దొరుకుతాయని చెప్పాను. ఆయనేమీ పంతానికి పోలేదు. తన బిడ్డ మెచ్చితే ఏదైనా సరే అన్నాడు. ఒకటి తెప్పించి చూశాం. దాని తెలుగు ఎవరో కొత్తగా నేర్చుకుని పలికినట్టుంది. చెల్లె విని, చాలా రోజుల తరువాత పాత పలక వైపు చెయ్యి చాపి, వెతికి వెతికి 'వద్దు' తాకింది. ఇక పలకనే మార్చాలని అనుకున్నాం.

ప్రతి ఆదివారం నేను కర్దనూర్ వెళ్లేదాన్ని. ఇలాంటి పనికి కొన్ని టూల్స్ ఉంటాయి. పాత పద్ధతిలో రాసిన ప్రోగ్రామును అవి వరసగా చదివి, కొత్త వ్యవస్థకు అర్థమయ్యేట్టు తిరగరాస్తాయి. చిన్నాయన రాసిందాన్ని అలాంటి ఒక టూల్‌కిచ్చాం. బొమ్మలు, గడులు, రంగులు, గొంతు, అన్నీ ఒక్క పూటలో అటు చేరిపోయాయి. కానీ టూల్ తనకు దారి తెలియని చోటల్లా ఒక గుర్తు వదిలిపెట్టింది. ఇక్కడ నా వల్ల కాదు, మనిషి చూసుకోవాలి అని దాని అర్థం. అలాంటి గుర్తులు చాలా ఉన్నాయి, ముఖ్యంగా పలక ఎక్కడ కూర్చోవాలో చెప్పిన ప్రతి చోటా. చిన్నాయనకు ఆ గుర్తులు భలే నచ్చాయి. "మంచిదే టూలు. రానిది రాదని చెప్తున్నది" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టర్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా తరువాత ఆ మాటే వాడేవాడు.

ఆసుపత్రి సంగతి ఆ ఆదివారాల్లోనే మొదలైంది. మొదట అన్నం సయించడం లేదన్నాడు. చొక్కా వదులైంది. నగరంలో పరీక్షలు చేయించి, కాలేయంలో గడ్డ ఉందన్నారు. మందులకు లొంగే దశ దాటిందన్నారు. డాక్టరు చెప్పినప్పుడు పక్కన చిన్నమ్మా నేనూ ఉన్నాం. ఆయన చాలాసేపు గోడ మీద కాలెండరు వైపు చూశాడు. బయటికొచ్చాక ఆటో ఎక్కుతూ, చెల్లెకు చెప్పొద్దన్నాడు. ఇంటికి రాగానే ఆమెతో కడుపులో మంట, తగ్గిపోతుందిలే అన్నాడు. చిన్నమ్మ కూడా అదే చెప్పింది. చూడటానికి వచ్చినవాళ్లందరం అదే చెప్పాం.

మా పని ఆగలేదు. ఆయనకు త్వరగా అలుపొచ్చేది. దిండుకు ఆనుకుని కూర్చుని, రెండు వేళ్లతో టైపు చేసేవాడు, తప్పులు చేసేవాడు, నన్ను తిట్టేవాడు. జాగా సమస్యకు చివరికి ఒక దారి దొరికింది. తెర అంచున గడియారం, మెనూ ఉండే పట్టీలు ఎప్పుడూ కదలవు. వాటికి మాత్రం కొత్త వ్యవస్థ స్థిరమైన చోటు ఇస్తుంది. పలకను కూడా ఆ పట్టీల పద్ధతిలో రాస్తే అంచును పట్టుకుని ఉంటుంది. కింద ఎడమ మూలకు అలా కట్టేశాం. చిన్నాయన కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. పలక అక్కడే ఉంది. మళ్లీ ఆపాడు, మళ్లీ పెట్టాడు. అదే జాగా. అలా ఎన్నిసార్లు చేశాడో, చిన్నమ్మ వచ్చి ఇక చాలన్నదాకా చేశాడు.

చెల్లెను కుర్చీలో తీసుకొచ్చాం. దిమ్మ మీద మోచెయ్యి ఆనించింది. ముందు తెర వైపు చూసింది. చెయ్యి మెల్లగా లేచి ఒక గడి మీద పడింది. "నీళ్లు" అంది పలక. చిన్నాయన అంత నీరసంలోనూ తనే లేచి చెంబుతో నీళ్లు తెచ్చాడు. అప్పటికి ఆమె తెరను వదిలేసి ఆయన మొహంలోకి చూస్తోంది. ఆయన గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే "వద్దు" అంది. పరీక్షించడానికి అడిగింది. ఆ ఇంట్లో అందరం నవ్విన చివరి రోజు బహుశా అదే.

కానీ పని పూర్తి కాలేదు. నవ్వులయ్యాక చెల్లె 'బొమ్మ' తాకి 'వద్దు' తాకింది. తరువాత 'చాక్లెట్', 'వద్దు'. 'జోల', 'వద్దు'. చిన్నాయనకు అర్థం కాలేదు. ఏది ఎక్కడుండేదో అక్కడే తెచ్చాం కదా అని నా వైపు చూశాడు. ఆమె ఆగకుండా ఒక్కొక్కటే తాకుతూ పోయింది. అప్పుడు తెలిసింది. టూల్ పాత పలకను ఉన్నదున్నట్టు తెచ్చింది. మేమూ ఉన్నదున్నట్టు తేవాలనే తంటాలు పడ్డాం. ఆ మాటలేమో చిన్నపిల్లవి. ఆమెకిప్పుడు ఇరవై ఆరేళ్లు.

బిడ్డ మాటలన్నీ తనకు తెలుసనుకున్న మనిషి చిన్నాయన. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏ మాట కావాలో చెప్పమన్నాడు. చిన్నమ్మ ఆమెకు చిన్నప్పుడే ఓపికగా అక్షరాలు నేర్పింది. పలకలో అక్షరాల పేజీ ఒకటి ఉండేది. చెల్లె అది తెరిచి అ తాకింది. బ తాకింది. ద. మ. ఒత్తులూ గుణింతాలూ ఆమెకు కష్టం. చిన్నాయన అప్పడమా అన్నాడు. 'వద్దు'. నేనేదో అన్నాను. 'వద్దు'. మళ్లీ మొదటి నుంచి అవే అక్షరాలు, ఇంకా మెల్లగా, కళ్లు ఆయన మీద పెట్టి.

ఆయనకు తెలిసిపోయింది. చిన్నమ్మ చాయ్ పెట్టుకొస్తానని లేచి లోపలికి వెళ్లిపోయింది.

"గీ మాట ముందు పెట్టు బిడ్డా" అన్నాడు నాతో.

అక్కడే కూర్చుని ఆ మాట రికార్డు చేశాను. 'జోల' ఉన్న గడిలో పెట్టాను. బొమ్మ ఏదీ పెట్టలేదు, అక్షరాలే రాశాను. చెల్లె చెయ్యి లేచింది. "బాపు" అంది. "మంచిగ" అంది. చాలాసేపటి తరువాత, "అబద్ధం" అంది.

చిన్నాయన తల దించుకోలేదు. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకోబోయి ఆగాడు. తీసుకుంటే ఆమె మాట్లాడలేదు కదా. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి చెప్పాడు.

"అవును బిడ్డా, అబద్ధమే. నాకు తగ్గది. డాక్టర్లు జెప్పిండ్రు. ఎక్కువ రోజులు ఉండ నేను. నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే."

చెల్లె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో కోపమో నాకు తెలియదు. నేను లేవబోతే ఆయన కూర్చోమని సైగ చేశాడు. ఆమె చెయ్యి చాలాసేపు వణికి, దిమ్మ మీంచి జారిపోయి, మళ్లీ పైకి వచ్చింది.

"అమ్మ" అంది. "ఎవరు" అంది.

అమ్మకు ఎవరున్నారని అడుగుతోంది. తన గురించి అడుగుతుందనుకున్నాం మేం. ఆయనకు మొదటిసారి కళ్ల నీళ్లు కారాయి. "నువ్వున్నవ్ గద" అన్నాడు. "నీకు అమ్మ, అమ్మకు నువ్వు. అక్క వస్తది, పోతది."

ఆ తరువాత ఆమె అడిగింది ఒక్క మాట, "దగ్గర." ఆయన కుర్చీ ఇంకొంచెం జరుపుకుని, ఆమె భుజానికి తల ఆనించి కూర్చున్నాడు. బయట మధ్యాహ్నం ఎండ. చిన్నమ్మ చాయ్ తెచ్చి, గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, గ్లాసులు అక్కడే కింద పెట్టి వచ్చి వాళ్ల దగ్గర కూర్చుంది. ఆ రోజు తరువాత ఆ ఇంట్లో ఎవరూ తగ్గిపోతుందని చెప్పుకోలేదు.

మిగిలిన ఆదివారాలన్నీ పాత మాటలు తీసి కొత్తవి పెట్టడంలో గడిచాయి. ఏవి కావాలో చెల్లె చెప్పేది. 'నాకు తెలుసు', 'బయటికి పోదాం', 'మీరు మాట్లాడుకోండ్రి', 'నన్నడగాలె'. 'నన్నడగాలె' పెట్టిన రోజు చిన్నాయన దాన్ని మళ్లీ మళ్లీ తాకి విన్నాడు. నా గొంతు బాగుందన్నాడు. ఆయన పొగిడింది నా గొంతును కాదని నాకు తెలుసు.

ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. గడిలో మాట మార్చడం, బొమ్మ పెట్టడం చిన్నమ్మకు నేర్పాలన్నాడు. చిన్నమ్మ ఈ వయసులో నాకెందుకంది. అక్కకు వచ్చు కదా అంది. నేనూ నేనున్నానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వుంటవ్ బిడ్డా, కాదనట్లే. గని దాని మాట మార్చాల్నంటే ఆదివారం దాక ఎందుకు ఆగాలె?" అన్నాడు. ఇద్దరికీ రోజూ గొడవే. ఆమె తప్పు మీట నొక్కేది, ఆయన కసిరేవాడు, ఆమె లేచి వెళ్లిపోయేది, మళ్లీ తనే వచ్చి కూర్చునేది. చివరికి నేర్చుకుంది. మొదటిసారి తను సొంతంగా మార్చిన గడి చూపిస్తూ నాకు ఫోటో పంపింది. వంకాయ బొమ్మ పెట్టి కింద వంకాయ అని రాసింది. చెల్లెకు వంకాయ కూర అంటే ఇష్టం. అన్నాళ్లూ అది పలకలో లేదు.

చివరి వారంలో చిన్నాయన గొంతు పోయింది. పెదవులు కదిలేవి గానీ మాట వచ్చేది కాదు. మంచం చెల్లె కుర్చీ పక్కకే జరిపించుకున్నాడు. నేను వెళ్లిన రోజు ఆయన ఏదో అడగబోతున్నాడు, మాకు తెలియడం లేదు. చెల్లె ఎడమ చేత్తో తన ముందున్న తెరను ఆయన వైపు నెట్టింది. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. చెయ్యి ఎత్తాడు. తను చేసిన పలకే అయినా ఆ చేతికి అందులో దారి తెలియదు. వేలు గడుల మీద తచ్చాడింది. చిన్నమ్మ ఆగలేక నీళ్లు కావాలా అని గ్లాసు అందుకోబోయింది. చెల్లె గొంతులోంచి గట్టిగా శబ్దం చేసి ఆమెను ఆపింది. చిన్నమ్మ గ్లాసు దించేసింది. అందరం ఆగాం. ఆయన వేలు వెతుక్కుంటూ వెళ్లి ఒక గడి దగ్గర నిలిచింది.

"బయటికి పోదాం" అంది నా గొంతు.

నేనూ పక్కింటి అతనూ కలిసి ఆయన మంచాన్ని వాకిట్లోకి తెచ్చాం. చెల్లె కుర్చీ కూడా తెచ్చాం. సాయంత్రపు గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తోంది. షిఫ్టు దిగి వస్తున్న బస్సు రోడ్డు మీద నెమ్మదించింది. లోపలున్నవాళ్లు కొందరు కిటికీల్లోంచి చేతులెత్తారు. ఆయన చెయ్యి ఎత్తలేదు గానీ, బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు. అదే నేను ఆయనను ప్రాణంతో ఆఖరుసారి చూడటం. నాలుగు రోజులకు ఆ ఫోన్ వచ్చింది.

దినాలకు చుట్టాలంతా వచ్చారు. చెల్లె మొహం మీద మొహం పెట్టి గట్టిగా ఏడ్చారు, ఆమెకు ఏం తెలుస్తుందని ఒకరితో ఒకరు అనుకున్నారు. "నాకు తెలుసు" అంది చెల్లె. వాళ్లు ఉలిక్కిపడి తెర వైపు చూశారు. ఆమె వాళ్ల వైపే చూస్తోంది. ఒక ముసలామె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, "ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

చుట్టాలు వెళ్లిపోయిన తరువాతి ఆదివారం నేను మళ్లీ వెళ్లాను. చిన్నమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. చెల్లె అక్షరాల పేజీలో ఒక మాట చెప్పిందట. య, ద. పొద్దుటి నుంచి ఆలోచిస్తే చిన్నమ్మకు తెలిసింది. యాది, అంటే జ్ఞాపకం.

ఆ గడికి ఏ బొమ్మ పెట్టాలో ఆమెకు తోచలేదు. చిన్నాయన ఫోటో పెట్టి చూపించింది. చెల్లె వద్దంది. దీపం బొమ్మ పెట్టింది. వద్దంది. పువ్వు పెట్టింది, వాళ్ల పాత ఇంటి బొమ్మ పెట్టింది. వద్దు. చిన్నమ్మ పెట్టినవన్నీ తీసేసింది. గడి తెల్లగా మిగిలింది. ఇంకేదైనా వెతుకుతానని మౌస్ పట్టుకుంటుంటే, చెల్లె చెయ్యి మెల్లగా వచ్చి ఆ తెల్ల గడి మీద వాలింది. 'వద్దు' వైపు పోలేదు, అక్కడే ఉండిపోయింది. కిటికీలోంచి పడుతున్న ఎండ ఆమె వేళ్ల మీదుగా తెర మీదకు జరుగుతోంది. చిన్నమ్మ మౌస్ వదిలేసి, ఆ చేతిని చూస్తూ కూర్చుంది.